నీరజ వదులుకున్న రెండు సెకన్లు

నీరజ చేసే పనేమిటో ఆమె అత్తగారికి పదేళ్లయినా సరిగ్గా అంతుపట్టలేదు. నిమ్మనపల్లెలో ఎవరైనా అడిగితే, "మా కోడలు కంప్యూటర్లో తప్పులు పట్టుకుంటాది, అంతే" అనేది. ఆఫీసులో గుర్తింపు కార్డుల మీద అచ్చేసుకున్న ఇంగ్లీషు హోదాలన్నిటికన్నా ఆ ముసలావిడ మాటే నిజం. నీరజ తప్పులు పట్టుకునేది. తెలిసి తెలిసి ఒక తప్పును వదిలేసింది మాత్రం ఒక్కసారే. చెప్పవలసింది ఆ ఒక్కసారి గురించే.

మదనపల్లెలో ఒక పురుగుమందుల దుకాణం పక్కనున్న మెట్లెక్కితే రెండు గదులు వస్తాయి. అదే పురుషోత్తం గారి సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కింది నుంచి మందుల ఘాటు, టమాటా సీజన్లో రోడ్డు మీద చితికి కుళ్లిన కాయల వాసన, రెండూ కలిసి పైకొచ్చేవి. అక్కడ తయారయ్యేది పాల కేంద్రాలకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్. అందులో రెండు భాగాలు. ఒకటి పల్లెలో పాల కేంద్రంలోనే, పాలు పరీక్షించే మిషన్ పక్కనున్న కంప్యూటర్లో నడుస్తుంది. ఎవరు పాలు పోశారు, అందులో వెన్న ఎంత, నీళ్లు కలిశాయా అన్నది మిషన్ చెబితే అది రాసుకుంటుంది. రెండోది వెబ్‌సైటు. పల్లెల నుంచి వచ్చిన సమాచారాన్ని డెయిరీ పెద్దలు తమ ఆఫీసుల్లో కూర్చుని అందులో చూసుకుంటారు.

నీరజ ఆ ఆఫీసుకు మొదట టైపు చేయడానికి వచ్చింది. వచ్చిన వారంలోనే, రైతు పేరు రాయాల్సిన చోట పేరు, తండ్రి పేరు, వీధి, చివర "కుంటుతాడు" అన్న గుర్తు కూడా కలిపి కొట్టేసింది. సాఫ్ట్‌వేర్ కాస్తా నిలువునా ఆగిపోయింది. పురుషోత్తం పరిగెత్తుకొచ్చి ఏం చేశావని అడిగితే, "ఆ ఊళ్లో గంగులప్పలు నలుగురుండారు సార్. గుర్తు రాయకుంటే ఎవురని తెలుస్తాది?" అంది.

ఆయన పకపకా నవ్వాడు. "నీ చెయ్యి తగిలితే ఏదైనా పడిపోతాండాది కదమ్మా. రేపట్నించి టైపు చేయొద్దు. పరీక్ష చెయ్."

అప్పటి పురుషోత్తం అలాంటి మనిషి. ఇప్పటివాడి గురించి చెప్పుకోబోతున్నాం కనుక, ఆ నవ్వును కూడా లెక్కలో వేసుకోవడం న్యాయం.

ఏసీ గదిలో కూర్చుని చేసే పరీక్ష సగం పరీక్షేనని నీరజ నమ్మకం. నెలకు రెండుసార్లయినా బస్సెక్కి ఏదో ఒక కేంద్రానికి పోయి, మూల స్టూలేసుకుని కూర్చునేది. కంప్యూటర్ ముందున్న మనుషుల అలవాట్లన్నీ ఒక నోటుబుక్కులో రాసుకునేది. ఒకాయన క్యారియర్ తెచ్చి సరిగ్గా స్పేస్ బార్ మీద పెడతాడు. ఇంకొకాయన ఆయుధపూజ నాడు కీబోర్డుకు పెట్టిన పసుపూ కుంకుమా ఏడాదంతా తుడవడు, మీటలు అతుక్కుపోతాయి. ఒకామె కంప్యూటర్ ఆపాలంటే నేరుగా గోడ మీది స్విచ్చే కట్టేస్తుంది. ఈ ఘనకార్యాలన్నీ నీరజ ఆఫీసుకొచ్చి తానూ చేసి చూసేది. ప్రోగ్రాములు రాసే పిల్లలు ఆమెను చూస్తేనే తల పట్టుకునేవాళ్లు.

ఆ నోటుబుక్కులో ఒక పేజీ శివకుమార్‌ది. పుంగనూరు నుంచి సోమల పోయే దారిలో ఒక పల్లె కేంద్రాన్ని అతను నడుపుతాడు. కీబోర్డు కొన్నప్పుడు చుట్టి వచ్చిన ప్లాస్టిక్ కవరును అతను విప్పనేలేదు. పైగా రబ్బరు బ్యాండు వేసి బిగించాడు. పాలు పడితే పాడవుతుందని అతని భయం. చేతులు తడి, మధ్యలో కవరు, అందుకని ఎంటర్ మీట ఒక్కోసారి దిగదు. కనుక ఎప్పుడైనా సరే టక్‌టక్‌మని రెండుసార్లు నొక్కుతాడు. కళ్లు స్క్రీన్ మీద ఉండవు, పాలు పోసేవాళ్ల మీద ఉంటాయి.

ఇందులో ఒక చిక్కుంది. ఆ ఊళ్లో తెల్లారకముందే ఎవరి క్యాను వాళ్లు తెచ్చి వరసలో పెట్టిపోతారు. మనిషి లేకపోయినా క్యాను ఉంటే ఆ చోటు వాళ్లదే. ఏళ్ల తరబడి ఆ వరస మారదు. అందుకే సాఫ్ట్‌వేర్ కూడా ఒకరి పాల ఫలితం రాసుకోగానే, వరసలో తర్వాతివాళ్ల నెంబరును తనే తెచ్చి పెడుతుంది. అప్పుడు రెండో నొక్కు కూడా దిగిందంటే, ముందువాళ్ల ఫలితమే వెనకవాళ్ల పేరున పడిపోతుంది, అక్కడి నుంచి వరసంతా ఒక చోటు జరిగిపోతుంది. నీరజ మూడేళ్ల కిందట ఇది కనిపెట్టి, పోట్లాడి, ఎంటర్ నొక్కిన తర్వాత కంప్యూటర్ రెండు సెకన్లు ఆగేలా చేయించింది. ఆ రెండు సెకన్లలో ఎన్నిసార్లు నొక్కినా అది పట్టించుకోదు. ఆ తర్వాత ఆ కేంద్రం నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు.

ఈమధ్య కుప్పంలో డెయిరీ వాళ్లతో ఏదో మాట్లాడుతుండగా వాళ్ల పెద్దాయన, "మీ దగ్గర టెస్టింగుకు ఆటోమేషన్ ఉందా?" అని అడిగాడట. పురుషోత్తం క్షణం ఆలోచించకుండా ఉందన్నాడు. లేనిదాన్ని ఉందని చెప్పి వచ్చాక, ఉండేలా చేసే పని నీరజ నెత్తిన పడింది. నెల రోజుల్లో, పరీక్షలు దానంతటదే చేసే మంచి టూలు ఒకటి చూడమన్నాడు.

నిజానికి ఆమె సంతోషించింది. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ అవే రెండొందల పరీక్షలు చేత్తో కొట్టి కొట్టి ఆమె కుడి మణికట్టు ఎప్పుడో మొరాయించింది. యంత్రం ఆ గొడ్డుచాకిరీ చేస్తే తను కేంద్రాలకు ఇంకో నాలుగు రోజులు ఎక్కువ పోవచ్చు. భర్త మురళి మార్కెట్ యార్డు నుంచి వచ్చేదాకా ఇంట్లో కూర్చుని ఒక్కో టూలును దించుకుని, వాడి, విరగ్గొట్టి చూసింది. ఉచితంగా దొరికేది ఒకటి వెబ్‌సైటును చక్కగా పరీక్షిస్తోంది గానీ బ్రౌజరు దాటి బయటికి రాదు. కేంద్రంలో నడిచే సాఫ్ట్‌వేర్ దానికి కనిపించనే కనిపించదు. దానికి వేరేది కావాలి. స్క్రీన్ మీదున్న ప్రతి గడినీ దాని పేరుతో గుర్తుపట్టేదైతే మేలు. మూడో రకం ఉంది, మనం చేసింది చూసి నేర్చుకుని అదే మళ్లీ చేస్తానంటుంది. కానీ అది గడిని గుర్తుపట్టదు, ఆ గడి ఉన్న చోటును గుర్తుపెట్టుకుంటుంది. స్క్రీన్ మీది కిటికీ ఒక వేలెడు జరిగిందంటే గాల్లో క్లిక్కు కొట్టి, పని అయిపోయిందని చెబుతుంది.

ఇదంతా నాలుగు పేజీలు రాసి ఇచ్చింది. వెబ్‌కు ఒకటి, కేంద్రం కంప్యూటర్‌కు ఒకటి, విడివిడిగా తీసుకుందామంది. మూడో రకం జోలికి పోవద్దంది. ఏ టూలు తీసుకున్నా వెర్షన్ వదిలే ముందు ఒక మనిషి ఒక పూట పాల కేంద్రంలో కూర్చోవాలని చివర గీత గీసి మరీ రాసింది. పురుషోత్తం ఆ కాగితాల మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు. వారం తర్వాత నీరజ చూసేసరికి ఆ గీత గీసిన మాట మీదే గుండ్రంగా మరక ఉంది.

ఆ వారంలోనే బెంగళూరు నుంచి ఉదయ్ కిరణ్ దిగాడు. మెడలో పట్టీ, నోట్లో తేనె. అతను అమ్మేది సరిగ్గా ఆ మూడో రకం. "మేడమ్, దీనికి కోడింగ్ అక్కర్లేదు. వెబ్, డెస్క్‌టాప్ రెండూ ఇదే చూస్కుంటుంది. ఒక్క బటన్ నొక్కండి, మీరు కాఫీ తాగొచ్చేలోగా రెడీ" అన్నాడు. బటన్ నొక్కితే స్క్రీన్ మీద బాణం గుర్తు దానంతటదే పరుగెత్తింది, గడులు నిండాయి, చివర రంగుల రిపోర్టు వచ్చింది. దాని మీద డెయిరీ గుర్తు కూడా ముద్రించి తెచ్చాడు. పురుషోత్తం ఆ రిపోర్టును పెళ్లిపత్రికలా అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. టూలు నిర్ణయం ఆ నిమిషంలోనే అయిపోయింది.

నీరజకు ఒళ్లు మండింది. నెల రోజులు తను చేసినదంతా ఒక అట్ట కాగితం ముందు గాలికి పోయింది.

అసలు ముచ్చట మర్నాడు మొదలైంది. కేంద్రం సాఫ్ట్‌వేర్ మీద ఆ టూలు మూడో పరీక్షకే చతికిలపడింది. ఎంటర్ తర్వాత వచ్చే రెండు సెకన్ల ఆగుడు దానికి మింగుడు పడలేదు. కంప్యూటర్ ఆగి ఉంటే అది ఆగకుండా కొట్టుకుంటూ పోతోంది. ఉదయ్ కిరణ్ గంటసేపు కుస్తీ పట్టి, చివరికి తప్పు తన టూలులో కాకుండా వీళ్ల సాఫ్ట్‌వేర్‌లో కనిపెట్టాడు.

"సర్, ఈ వెయిటింగ్ ఎందుకు పెట్టారు? ఇది ఓల్డ్ స్టైల్. తీసేస్తే మొత్తం గ్రీన్ వచ్చేస్తుంది."

"తీసేయండప్పా, దానికేముండాది" అన్నాడు పురుషోత్తం.

"సార్, అది తీస్తే ఒకరి పాలు ఇంకొకరి పేరున పడతాయి" అంది నీరజ. "శివకుమార్ రెండుసార్లు నొక్కుతాడు. నేను కండ్లారా సూసినాను."

"అతనికి కొత్త కీబోర్డు ఇప్పిద్దాంలేమ్మా. కవరు తీసేయమని సెప్దాం."

"సెప్తే తీసే మనిసి కాదు సార్."

"నీరజా, ఒక మనిసి కవరు తీయడని కంపెనీని ఆపమంటావా? ఇది కుప్పంలో సూపించేదానికే. మన కేంద్రాలోళ్లకి పంపించం. మీటింగ్ అయినాక నీ రెండు సెకన్లు నీకు పెట్టిస్తాలే."

సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఉందా అని పరీక్ష చూడాల్సిన చోట, పరీక్ష పాసయ్యేందుకు సాఫ్ట్‌వేర్‌నే చెక్కేశారు. నీరజ ఆ సాయంత్రం ఎవరూ లేనప్పుడు ఒక పని చేసింది. ఆఫీసులో ఉంచుకున్న పాలు పరీక్షించే మిషన్ నుంచి కంప్యూటర్‌కు వచ్చే వైరును ఊడబీకేసి, టూలు బటన్ నొక్కింది. పాల ఫలితం వచ్చే దారే లేదు. అయినా అన్నిటికీ ఆకుపచ్చ టిక్కులే. తర్వాత సాఫ్ట్‌వేర్ మీద క్యాలెండరు తెరిచి అడ్డం పెట్టి నొక్కింది. మళ్లీ ఆకుపచ్చే. ఉదయ్ కిరణ్ ఏం చేశాడో అప్పుడు తెలిసింది. స్క్రీన్ మీద ఏది కనిపించినా సరేననుకునేలా దాన్ని వదులు చేసిపెట్టాడు. గుడ్డివాడైనా తడిమి చూస్తాడు, ఇది అదీ చేయదు. మర్నాడు పురుషోత్తానికి చూపిస్తే, "వైరు నువ్వే పీకి నువ్వే అడిగితే ఎట్లమ్మా" అన్నాడు.

రిపోర్టు చివరి పేజీలో "పరీక్షించినవారు" అని ఒక గీత ఉంది. డెయిరీ వాళ్లకు అక్కడ ఒక మనిషి సంతకం కావాలి. పురుషోత్తం పెన్ను మూత తీసి మరీ చేతికిచ్చాడు. నీరజ కాదనలేదు. పదేళ్ల ఉప్పు, నెల రోజుల విసుగు, "సూపించేదానికే కదా" అన్న మాట, అన్నీ కలిసి ఆమె చేత పెట్టించాయి. సంతకం బాగానే వచ్చింది.

కుప్పం మీటింగుకు ఆమెనూ తీసుకుపోయారు. తెర మీద ఆకుపచ్చ టిక్కులు వరసగా పడుతుంటే డెయిరీ పెద్దలు తలలూపారు. పెద్దాయన తమిళం కలిసిన తెలుగులో, "ఇంత బాగుంటే ఇంకా లేటు ఎందుకప్పా? సోమవారం పుంగనూరు సైడు పెట్టేయండి" అన్నాడు. పురుషోత్తం నీరజ వైపు చూడలేదు. "అట్లే సార్, పెట్టేద్దాం" అన్నాడు. ఆ క్షణంలో లేచి ఒక్క మాట అంటే సరిపోయేది. ఎదురుగా బాదంపాల గ్లాసు ఉంది. నీరజ దాన్ని తీసుకుని తాగింది. తిరుగు ప్రయాణంలో పలమనేరు దాటేవరకు ఆమె కిటికీ వైపే ముఖం పెట్టుకుంది. పురుషోత్తం మీద పుట్టిన అసహ్యం కన్నా తన మీద పుట్టిందే ఎక్కువ. సోమవారం లోపల ఆ రెండు సెకన్లు పెట్టించమని రెండుసార్లు మెసేజ్ పెట్టింది. చూసినట్టు నీలం గుర్తులు వచ్చాయి. జవాబు రాలేదు.

తొమ్మిదో రోజున డెయిరీ నుంచి ఫోను. సోమల దారి పల్లెలో చిక్కమ్మ అనే ఆవిడ గొడవ చేస్తోందట. వెళ్లి చూసి రమ్మని పురుషోత్తం చెప్పాడు. "ఆపరేటర్ పొరపాటు అని రిపోర్టు రాసి వచ్చెయ్" అని, చూడకముందే ఫలితం కూడా ఆయనే చెప్పేశాడు.

నీరజ మొదటి బస్సుకే బయల్దేరి పుంగనూరులో దిగి, ఆటోలో కేంద్రానికి చేరేసరికి తెల్లగా తెల్లవారింది. క్యాన్లు గోడ వెంబడి వరసగా ఉన్నాయి. అయిదో చోట ఒక క్యాను బోర్లించి ఉంది. మూడు రోజులు వరసగా పాలల్లో నీళ్లున్నాయని తేలితే ఆ మనిషి క్యానును బోర్లించడం ఆ ఊరి కట్టుబాటు. అలా బోర్లించాక వాళ్ల పాలు ఎవరూ ముట్టరు. పెళ్లికి అడగరు, పసిబిడ్డకు అడగరు. తలుపు పక్కన పలక మీద చిక్కమ్మ పేరు సుద్దతో రాసి ఉంది.

శివకుమార్ చేయి తుడుచుకుంటూ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కీబోర్డు మీద కొత్త కవరు, కొత్త రబ్బరు బ్యాండు. మొదటి ఆమె పాలు పోసింది. టక్‌టక్. రెండో అతను పోశాడు. టక్‌టక్. నీరజ స్క్రీన్ మీద చూస్తూనే ఉంది. పొడి చేత్తో నొక్కిన మొదటిసారి రెండు నొక్కులూ దిగాయి, చేయి తడిశాక ఒక్కోటే దిగుతోంది. ఒకరి ఫలితం మరొకరి పేరున, వాళ్లది ఇంకొకరి పేరున, తొమ్మిది రోజులుగా ఊరి పాలన్నీ ఒక చోటు వెనక్కి జరిగి పడుతున్నాయి. మంచి ఫలితం వచ్చినవాళ్లు ఎందుకు అడుగుతారు? నాలుగో క్యాను ఆసామి బోరింగు నీళ్లు కలుపుతాడని ఊరందరికీ అనుమానమే. ఇప్పుడు అతని పాలకు మూడో క్యాను ఆమె పేరుప్రతిష్ఠ వచ్చింది. అతని నీళ్లన్నీ చిక్కమ్మ పేరున చేరాయి.

"శివన్నా, తప్పు నీదీ కాదు, ఆమెదీ కాదు. మాది" అంది నీరజ.

శివకుమార్ ముఖం మాడిపోయింది. "మెల్లగా మాట్లాడమ్మా. క్యాను బోర్లించింది నేను. ఇప్పుడు తప్పని తెలిస్తే ఊళ్లో నన్ను నిలబడనిస్తారా? మీ ఆపీసులో సరిచేసుకోండి. ఈడ యాల ఇదంతా?"

అప్పటికే చిక్కమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఏభై దాటిన మనిషి. చేతిలో మూత పెట్టిన చెంబు. క్యాను బోర్లించిన రోజు నుంచి రోజూ ఆ చెంబులో పాలు తెచ్చి, ఎవరైనా చూడండప్పా అని నిలబడి పోతోందని తర్వాత తెలిసింది. ఎవరూ చూడలేదు.

"నువ్వేనా అమ్మా మదనపల్లె నుంచి వచ్చినావంట?" అంది.

"అవునమ్మా."

"నా పాలల్లో నీళ్లుండాయని మిసిన్ సెప్పిందంట. మిసిన్ సరిగ్గా సెప్తాందని మీ ఆపీసులో ఎవురో సంతకం పెట్టినారంట, డెయిరీవోళ్లు సెప్పినారు. ఎవురమ్మా అది?"

ఆపరేటర్ పొరపాటు అన్న మాట నాలుక చివరే ఉంది. అనేస్తే అయిపోతుంది, ఆటో ఇంకా బయటే ఉంది.

"నేనేనమ్మా."

వరసలో ఉన్నవాళ్లు తల తిప్పారు. చిక్కమ్మ అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. నీరజను నిదానంగా పై నుంచి కింది దాకా చూసింది.

"సంతకం పెట్టేముందు ఈడికొచ్చి సూసినావా?"

"లేదమ్మా. రావాల్సింది. తెలిసీ రాలేదు."

చిక్కమ్మ చెంబు మూత తీసి ముందుకు చాచింది. "అయితే ఇప్పుడు సూడు. తాగి సెప్పు."

నీరజ చెంబు అందుకుని అందరి ఎదుటా ఎత్తి తాగింది. అప్పుడే పితికిన పాలు, వెచ్చగా, నాలుకకు పట్టేంత చిక్కగా ఉన్నాయి. రెండు గుక్కలు మింగి, చెంబు దించి, పైటతో మూతి తుడుచుకుంది.

"నీళ్లుండాయా?"

"లేవమ్మా."

చిక్కమ్మ చెంబు వెనక్కి తీసుకుంది. నాలుగో క్యాను దగ్గర తల వంచుకున్న ఆసామిని చూసింది. శివకుమార్‌ను చూసింది. తర్వాత నీరజ భుజం పట్టుకుని, వరస చివరి దాకా నిలబడ్డ మనుషుల వైపు తిప్పింది.

"వెనకాల ఉండేవాళ్లకి ఇనపడలేదు" అంది. "ఇంకొకసారి సెప్పమ్మా."